వేంగి చూపించే చైనా గైడ్

మా నల్లజర్ల వైపు గుళ్లకి తప్ప దేనికీ గైడ్ దొరకడని అంటుంటారు. నాకు ఒకాయన దొరికాడు. పేరు హ్యుయాన్‌త్సాంగ్, ఊరు చైనా. 639 ప్రాంతంలో ఇటు వచ్చి చూసినవన్నీ రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇంగ్లీషు అనువాదం నెట్‌లో ఫ్రీగానే ఉంది. ఫోన్లో వేసుకుని, బావని బండెక్కించుకుని ఆదివారం తెల్లారకముందే బయల్దేరాను.

ద్వారకా తిరుమల, కామవరపుకోట దాటి ముందు గుంటుపల్లి గుహలకి. జీలకర్రగూడెం కొండ మీద ఇటుక స్తూపాలు, భిక్షువుల గదులు చాలా ఉన్నాయి కానీ, టైమ్ తక్కువుంటే మీరు ఒక్క గుండ్రటి గుహ చూడండి చాలు. లోపల తలెత్తితే పైకప్పుకి వాసాలు కనిపిస్తాయి. చెక్క కాదు, రాయి! రెండు వేల ఏళ్ల కింద, పూరింటి కప్పుని అచ్చం అలాగే కొండలో తొలిచారు. మధ్యలో ఉన్నది స్తూపం. "ధర్మలింగేశ్వరుడు బాబూ, చెప్పులు బయట విప్పండి" అంది దణ్ణం పెట్టుకుంటున్న ఒక పెద్దావిడ. విప్పాం.

అక్కడ్నుంచి దక్షిణంగా పెదవేగి. ఏలూరుకి 12 కిలోమీటర్లు. ఇప్పుడు పామాయిల్ తోటలకి పేరు గానీ, శాలంకాయనులకీ, తర్వాత తూర్పు చాళుక్యులకీ రాజధాని వేంగి ఇదే. మన గైడ్ లెక్క ప్రకారం ఆంధ్ర దేశంలో 20 పైగా బౌద్ధారామాలు, 3,000 మంది భిక్షువులు. నేల సారవంతం, ఎండ ఎక్కువ, జనం దూకుడు మనుషులట (బావ దీనికి ఫీలయ్యాడు). భాష వేరే గానీ లిపి మధ్యదేశం లిపిలాగే ఉందని కూడా గమనించాడు.

రాజధాని అంటే కోటలూ గోపురాలూ ఊహించుకుని వెళ్లకండి. మట్టి దిబ్బ, తవ్వకాల్లో బయటపడ్డ ఇటుకలు, చుట్టూ పొలాలు. పది నిమిషాల్లో "ఇంతేనా?" అన్నాడు బావ.

ఇంతే కాదు. పట్నానికి నైరుతిలో ఒంటరి కొండ ఉందనీ, దిఙ్నాగుడు హేతువిద్య గ్రంథం రాసింది అక్కడేననీ పుస్తకంలో ఉంది. అటు చూస్తే చదును నేలే. కొండలేమో మేం పొద్దున వచ్చిన ఉత్తరం వైపు! దిఙ్నాగుడంటే తర్కశాస్త్రంలో మొనగాడు. ఏ కారణం చూపిస్తే వాదన నిలుస్తుంది, ఏది చూపిస్తే కూలుతుంది అన్నది తొమ్మిది గళ్ల పట్టికలో పెట్టాడు. రోజూ కోడ్‌లో కండిషన్లు రాసే నాకు అది చూస్తే చుట్టాన్ని చూసినట్టుంది.

ఆయన 'న్యాయముఖం' సంస్కృత మూలం మనకి మిగల్లేదు. హ్యుయాన్‌త్సాంగ్ 645లో 657 గ్రంథాలతో చాంగాన్ చేరాడు. అదే ఇవాళ్టి షియాన్. అక్కడ 649లో న్యాయముఖాన్ని చైనీస్‌లోకి తెచ్చాడు, ఆ అనువాదం బతికింది. తెచ్చిన గ్రంథాల కోసం 652లో కట్టిన గోపురం, తర్వాత మార్పులు జరిగినా, ఇంకా నిలబడే ఉంది. 64 మీటర్లు. టూరిస్టులు టికెట్ కొని ఎక్కుతారు, గైడ్లు ఆయన కథ చెబుతారు.

పెదవేగిలో మేం తిరిగిన మేర దిఙ్నాగుడి పేరున్న బోర్డు ఒక్కటీ కనపడలేదు. దిబ్బ దగ్గర గొర్రెలు కాస్తున్న కుర్రాడు మాత్రం మా ఫోన్లోకి తొంగిచూసి, "ఆ చైనాయన మా ఊరి గురించి ఇంకేం రాశాడన్నా?" అని అడిగాడు. ఎండెక్కేదాకా అక్కడే కూర్చుని చదివి వినిపించాం.