కథలో పాత్రపోషణ

ఆళ్ళగడ్డలో రాతిని ఉలితో తొలిచి విగ్రహాలు చెక్కే శిల్పులను చూడని విద్యార్థి మన కళాశాలలో అరుదు. ఏ దేవతకు ఏ ముద్ర, ఏ ఆయుధం, ఎంత కొలత అన్నది శిల్పశాస్త్రం ముందే నిర్ణయించి ఉంచింది. విగ్రహానికి ఆ నియమమే శోభ. కథలోని పాత్రకు మాత్రం అదే లోపం.

విద్యార్థులు మాకు చూపే కథలలో తల్లి త్యాగమూర్తి, వడ్డీ వ్యాపారి క్రూరుడు. మొదటి పుట చదవగానే చివరి పుట తెలిసిపోతుంది. గుణాన్ని ముందు నిర్ణయించి, దానికి ఒక పేరు తగిలించడమే ఇందుకు కారణమని మా అభిప్రాయం.

డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ప్రకటించిన ‘మిరాతుల్ ఉరూస్’ ఉర్దూ విద్యార్థులకు పరిచితమే. అందులో చెల్లెలు అస్గరీ గుణవతి. అక్క అక్బరీ మొండిది. ఆడపిల్లలకు బుద్ధి గరపడానికి వ్రాసిన గ్రంథమది. అయినా మా మనసులో నిలిచినది అక్బరీయే. ఆమె అలుగుతుంది, ఆశపడుతుంది, ఒక మాయలాడి మాటలు నమ్మి నగలు పోగొట్టుకుంటుంది. అస్గరీ ఎన్నడూ పొరపడదు. అందుచేతనే ఆమె మనకు దూరంగా నిలిచిపోతుంది. గురజాడవారి ‘కన్యాశుల్కం’ (1897) నాటకమే అయినా అందులోని గిరీశమూ ఇట్టివాడే. వితంతు వివాహం గురించి అతడు చెప్పే మాటలు మంచివి; చెప్పే ఉద్దేశం వేరు. ఆ రెంటి నడుమ ఉన్న ఎడమే అతనికి ప్రాణం.

ఈ విషయం మనకు కేవలం పాఠం కాదు. చలనచిత్రాలలో సీమవాసి కత్తి పట్టినవాడుగా, ముసల్మాను వచ్చీరాని తెలుగు మాట్లాడేవాడుగా ఏండ్ల తరబడి కనిపించారు. అవి ఇతరులు పోసిన అచ్చులు. మన కథలలో మనమూ అవే అచ్చులు పోస్తే ఇక ఎవరిని నిందించగలం? మన పొరుగున ఉన్న కడప జిల్లాకు చెందిన వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలో ఒక తల్లి ఉన్నది. శుక్రవారం నమాజుకు తప్పక వెళ్ళమని కొడుకును పోరిన ఆ తల్లియే, 2007లో హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత వెళ్ళవద్దని వారిస్తుంది. భక్తి, భయం రెండూ ఒకే గుండెలో ఉన్నవి. ఆమెను ఏ అచ్చులోనూ ఇమడ్చలేము.

కనుక కలం పట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇతడు కోరేదేమి? వెరచేదేమి? ఎవరికీ చెప్పనిదేమి?

నంద్యాల బియ్యం మిల్లులో ఒక గుమాస్తాను ఊహించుకుందాం. “అతడు నిజాయితీపరుడు” అని వ్రాస్తే పాఠకుడు విని ఊరుకుంటాడు. కూతురి పెళ్ళికి పైకం చాలక, యజమాని ఇనప్పెట్టె తాళంచెవి చేతబట్టుకొని ఒక రాత్రంతా కూర్చున్నాడనీ, పెట్టె తెరవకపోయినా తెల్లవారి లెక్క రెండుమార్లు సరిచూసుకున్నాడనీ వ్రాస్తే, పాఠకుడు అతని ప్రక్కనే కూర్చుంటాడు.

అట్టి గుమాస్తాలు మన వీధులలోనే ఉన్నారు. వారిని వ్రాయవలసినవారు మన విద్యార్థులే.