కంప్యూటరు గదికి తాళం ఒక్కటే చాలదు

2017 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు స్టేషన్లలో కంప్యూటర్లు ఉన్నట్టుండి మొరాయించాయి. సొమ్ము చెల్లిస్తేనే ఫైళ్లు తెరుచుకుంటాయన్న హెచ్చరిక తెరపై ప్రత్యక్షమైంది. అనేక దేశాలను గడగడలాడించిన ‘వన్నాక్రై’ దాడి అది. దానిని అడ్డుకోగల సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. సకాలంలో దానిని వేసుకోకపోవడమే కొంప ముంచింది.

దొంగల కన్ను పెద్ద సంస్థలపైనే ఉంటుందనుకోవడం పొరపాటు. సహకార సంఘం, ప్రైవేటు పాఠశాల, నర్సింగ్ హోం, ఆడిటరు ఆఫీసు... అన్నింటా ప్రజల ఆధార్ నకళ్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, రోగుల రిపోర్టులు పోగుపడి ఉన్నాయి. అవి సంస్థ సొత్తు కావు. నమ్మి అప్పగించినవి.

అవసరం లేనిది అడగవద్దు

ప్రతి పనికీ ఆధార్ జిరాక్సు తీసుకునే అలవాటు మానుకోవాలి. తప్పనిసరైతే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ చాలునేమో చూడాలి. పని తీరిన కాగితాలను చించి పారవేయాలి. పొట్లాలు కట్టే దుకాణానికి అమ్మరాదు.

ఎవరి పాస్‌వర్డు వారిదే

ఆఫీసంతటికీ ఒకే పాస్‌వర్డు, అదీ చీటీపై రాసి తెరకు అంటించడం తరచు కనిపించే దృశ్యం. ఎవరిది వారికి ఉండాలి. ఫోనుకు వచ్చే కోడ్‌తో రెండో తనిఖీ పెట్టుకోవాలి. ఉద్యోగి మానేసిన రోజునే అతని ప్రవేశం రద్దు చేయాలి. సరుకు పంపే వ్యాపారి బ్యాంకు ఖాతా మారిందంటూ ఈ-మెయిల్ వస్తే, పాత నంబరుకు ఫోన్ చేసి అడగనిదే పైసా పంపరాదు.

నకలు వేరే చోట

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు దాడికి గురై, సుమారు రెండు వారాలపాటు రోగుల నమోదు చేతిరాతతో సాగింది. ముఖ్యమైన ఫైళ్ల నకలును విడి డిస్కులో తీసి, కంప్యూటరు నుంచి వేరుచేసి, మరోచోట భద్రపరచాలి. అది తెరుచుకుంటున్నదీ లేనిదీ నెలకోసారి పరీక్షించాలి.

దాడి జరిగితే

ముందుగా నెట్‌వర్క్ తీగ ఊడదీయాలి. కంగారుపడి అన్నీ చెరిపివేస్తే ఆధారాలు పోతాయి. సొమ్ము చెల్లించినా ఫైళ్లు దక్కుతాయన్న హామీ లేదు. బ్యాంకు నుంచి డబ్బు పోతే తక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఇటువంటి దాడులను తెలిసిన 6 గంటల్లోగా కేంద్ర సంస్థ ‘సెర్ట్-ఇన్’కు తెలపాలన్నది 2022 నాటి ఆదేశం.

వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. తగిన భద్రత పాటించని సంస్థకు రూ. 250 కోట్ల వరకు జరిమానా విధించే వీలుంది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన సామెత తమకు వర్తించకుండా చూసుకోవలసిన బాధ్యత నిర్వాహకులదే.