గాజులదిన్నె కట్టమీది పేరు

గోనెగండ్ల చేరువను హంద్రీనదికి అడ్డముగా నిర్మింపబడిన జలాశయమునకు ప్రభుత్వపు కాగితములలో సంజీవయ్యసాగరమని పేరు. జనుల వాడుకలో మాత్రము అది గాజులదిన్నె ప్రాజెక్టు; తొందరగలవారి నోట వట్టి ‘జీడీపీ’. నాలుగున్నర టీఎంసీల నీటిని నిలుపునట్లు మొదట నిర్మింపబడిన ఆ కట్టమీద నిలుచున్నవానికి ఒక ప్రక్క నీరు మెరయుచుండును. రెండవ ప్రక్క కాలువ పారినంత మేర పైరు పచ్చగా నుండి, అది దాటినంతనే బీడువారిన నేల బీటలు చూపును. వాన మొగము చాటువేసిన యేట ఈ ప్రాంతపు కుటుంబములు తలుపులకు తాళములు వేసి, చంకబిడ్డలతో, మూటలతో, మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి తరలిపోవుట నేటికిని ఆగలేదు. ఈ నీటికి ఎవ్వరి పేరు పెట్టబడెనో ఆయనయు కూలిబ్రతుకు నెరిగిన ఇంటి బిడ్డయే.

దామోదరం సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు దాపునగల పెద్దపాడులో, సెంటు భూమియైన లేని దళిత కుటుంబమున, మునెయ్య సుంకులమ్మలకు జన్మించెను. పసికందుగా నున్నపుడే తండ్రి గతించెను. చిన్ననాట పశువులను కాచిన ఆ బాలుడు అక్షరములకు దగ్గరగుట అన్నగారి చలువ. అన్న కూలికి పోయి తమ్ముని బడికి పంపెను. అనంతపురమున పట్టము పుచ్చుకొని, రేషను కార్యాలయమున గుమాస్తాగిరి మొదలుగా పలు చిరుద్యోగములు చేసి, పిమ్మట మద్రాసులో న్యాయశాస్త్రము చదివిన సంజీవయ్యను 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యత్వము వరించెను.

గోనెగండ్లకు చేరువనున్న ఎమ్మిగనూరు పట్టణపు వారికి, ఆయన పేరిటి ఈ నీరు గాక, ఆయనతో మరియొక బంధము కలదు. 1952 ఎన్నికలలో వారే ఆయనను మద్రాసు శాసనసభకు పంపిరి. రాజాజీ ఆయనను తన మంత్రివర్గమున చేర్చుకొని సహకారశాఖ నప్పగించెను. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘముచే మగ్గపువారు తలయెత్తి నిలిచిన పట్టణపు ప్రతినిధికే ఆ శాఖ దక్కుట కాకతాళీయమే కావచ్చును గాని, పొసగిన కూర్పు.

1960 జనవరి 11న, నలువది యేండ్లు నిండకయే, ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి యయ్యెను. భారతదేశమున ఆ పదవి నధిష్ఠించిన తొలి దళితుడు ఆయనయే. నీలం సంజీవరెడ్డి కాంగ్రెసు అధ్యక్షుడై వెడలగా ఆ పీఠము ఈయనకు వచ్చెను. 1962లో సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా మరలిరాగా అధ్యక్షపీఠము ఈయనది యయ్యెను. ఇద్దరు సీమవాసులు కుర్చీలు మార్చుకొన్నట్టి ఈ వైచిత్రి పాత్రికేయులకు మంచి వినోదమై యుండును! ఆ రెండేండ్లలోనే రాష్ట్రమున వృద్ధాప్యపు పింఛను ప్రవేశపెట్టబడెను. 1961లో అవినీతి నిరోధకశాఖ ఏర్పడెను. పింఛను విషయమున ఈయనతో పోల్చదగిన గుస్తావ్ మోలర్ అను సాంఘిక సంక్షేమ మంత్రి స్వీడను దేశమున నుండెను. మాల్మో నగరపు పేదరికమున పెరిగిన ఆయన 1946లో వృద్ధుల పింఛనును పెంచు శాసనమునకు కారకుడయ్యెను. ఆ సంపన్నదేశపు ఖజానాతో మన ఖజానాకు సాటి లేకపోయినను, ముసలితనమున చేయి చాచవలసివచ్చుట యెట్టిదో ఇరువురును పుస్తకములలో చదివి తెలిసికొన్నవారు కారు.

ఢిల్లీలో లాల్‌బహదూర్ శాస్త్రి మంత్రివర్గమున సంజీవయ్య కార్మికమంత్రిగా నుండగా 1965లో బోనసు చట్టము వచ్చెను. కర్మాగారములందును, ఇరువదిమందికి తక్కువకాని పనివారుగల ఇతర సంస్థలందును, లాభము రాని యేటనైనను వేతనములో నూటికి నాలుగువంతులు బోనసుగా నీయవలెనని అది నిర్ణయించెను. ఇనాము కోసము యజమాని మొగము చూచుచుండిన పనివానికి అది హక్కుగా మారెను. పట్టీలో పేరెక్కని దినకూలికి మాత్రము ఆ హక్కు అందరాని పండే. పత్తిబేళ్లు మోయువారిని అడిగినచో తెలియును.

1972 మే 7న, రెండవమారు కాంగ్రెసు అధ్యక్షుడుగా నున్న కాలముననే, ఆయన ఢిల్లీలో గుండెపోటుతో మరణించెను. హైదరాబాదులో హుస్సేన్‌సాగరపు టొడ్డునగల తోటను జనులు సంజీవయ్య పార్కు అనియే పిలుతురు. ఇచ్చట ‘జీడీపీ’ అను మూడక్షరములు ఆ పేరును మ్రింగివేసినవి. కర్నూలు నగరమునకు త్రాగునీరు కరవైనపుడు ఈ కట్టనుండి నీటిని హంద్రిలోనికి వదలిన వేసవులు కలవు. అప్పుడు గోనెగండ్ల నీరు, పెద్దపాడుగల దిక్కునకే, ఎండిన యిసుకను తడుపుకొనుచు సాగిపోవును.