సర్వేపల్లి: ఒక యింటిపేరి ప్రయాణము

ఊరిపేరు ఇంటిపేరగుట తెలుగునాట వింత కాదు. కాని ఊరిలోనే యున్నవారిని ఊరిపేరుతో నెవ్వరును పిలువరు. పొలిమేర దాటినవారికే యది గుర్తగును. కావున నిట్టి యింటిపేరు ప్రతిదియు నొక వలసకు సాక్ష్యము.

సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామము. అచ్చటినుండి దక్షిణమునకు తరలిన పూర్వులతో నా పేరు తిరుత్తణి చేరినది. 1888లో అచ్చట జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరును విడదీసి చూడుడు: మొదట నున్నది తెలుగుపల్లె, తుది నున్న నకారపొల్లు అరవదేశపు మర్యాద. రెండు భాషల సరిహద్దు ఒక్క పేరిలో నిమిడినది. ఆ సరిహద్దును స్థిరము కాదు. చిత్తూరు జిల్లాలో నుండిన తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రమున చేరినది. ఇంటిపేరు నిలిచినది, ఎల్ల కదలినది.

1921లో ఆ పేరు కలకత్తా చేరినది. 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్‌ఛాన్సలరు పదవితో తెలుగునేలకు మరలివచ్చి, 1936లో ఆక్స్‌ఫర్డు ఆచార్యపీఠము నెక్కినది. అయినను ఇంగ్లీషు గ్రంథములపై నది తరచు 'యస్.' అను పొడియక్షరమే. కుమారులు, చరిత్రకారులు గోపాల్ గారు మాత్రము నెహ్రూ జీవితచరిత్రపై సర్వేపల్లి యని పూర్తిగా నుంచిరి.

పొడియక్షరము తెలుగువారికి ఇంటిపేరు, అరవవారికి తండ్రిపేరు. అరవనాట స్థిరపడిన తెలుగు కుటుంబము అచ్చటి పద్ధతి ననుసరించినచో, ఒక్క తరముతో ఊరు మాయమగును. కావున అనువాదకులు పొడియక్షరమును విప్పి వ్రాయుట మేలు. దాని వెనుక నొక యూరుండవచ్చును.