పైకప్పు మీద అడుగుల చప్పుడు

నంద్యాల పాతపేటల్లో ఒకప్పుడు మట్టి మిద్దెలే ఉండేవి. దూలాల మీద కట్టెలు పరిచి, ఆపైన మందంగా మట్టి, చౌడు వేసేవారు. గోడలు మూరెడు మందం. అవతలి మాట ఇవతలికి వచ్చేది కాదు. ఇప్పుడు ఒకే స్లాబు కింద ఒక కుటుంబం, పైన ఇంకో కుటుంబం. పోర్షన్ల మధ్య నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. యజమానికి స్థలం కలిసి వచ్చింది, అద్దెకున్నవారికి నిద్ర కరువైంది. నిద్ర ఒక్కటే కాదు, ఇంటి గుట్టు కూడా పోయింది. మనకు వాళ్ళ టీవీ వినిపిస్తోందంటే, మన ఆడవాళ్ళ మాటలు వాళ్ళకూ వినిపిస్తున్నట్టే కదా!

మాకు తెలిసిన ఒక ఇంట్లో అమ్మీజాన్ మంచాన పడి ఉన్నారు. ఇషా తర్వాత కాస్త కునుకు పడితే, పై పోర్షన్‌లో కుర్చీ జరిపిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేస్తారు. కొడుకు ఎవరో చెప్పిన మాట నమ్మి గోడలకూ పైకప్పుకూ స్పాంజి షీట్లు అతికించాడు. డబ్బు పోయింది, చప్పుడు పోలేదు. ఆ షీట్లు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ అవతలి శబ్దాన్ని ఆపవు. కోడిగుడ్ల అట్టల సంగతీ అంతే. పైగా రెండూ నిప్పు తొందరగా అంటుకునే సరుకు.

శబ్దం రెండు దారుల్లో వస్తుంది. మాటలు, టీవీ గాలిలో ప్రయాణించి తలుపు కింది సందు, వెంటిలేటరు, ఏసీ పైపు రంధ్రం, గోడకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న స్విచ్ బోర్డుల గుండా దూరతాయి. ముందు ఆ సందులు మూయించాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. గోడ బరువు రెట్టింపు చేసినా తగ్గేది 5, 6 డెసిబెల్స్ మాత్రమే. చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 దాకా తగ్గాలి. అందుకే తెలిసినవారు గోడను లావు చేయరు. కొంచెం ఎడం వదిలి రెండో పొర కట్టి, మధ్యలో రాక్‌వూల్ నింపుతారు.

అడుగులు, కుర్చీలు, రోటి పోట్లు వేరే రకం. అవి స్లాబునే కదిలిస్తాయి. వీటికి మందు కింద కాదు, పైన ఉంది. పై ఇంట్లో తివాచీ, కుర్చీ కాళ్ళకు రబ్బరు బిళ్ళలు, మిక్సీ కింద మందపాటి రబ్బరు పలక వేస్తే చాలావరకు తగ్గుతుంది. అమ్మీజాన్ కోడలు పైకి వెళ్ళి, "ఆపా, ఈ బిళ్ళలు మేమే తెచ్చాం, వేయించమంటారా?" అని అడిగింది. ఆమె కాదనలేదు. స్పాంజికి పెట్టిన సొమ్ములో ఇది పదో వంతు కూడా కాదు.

ఆళ్ళగడ్డలో సమస్య ఇంకో రకం. శిల్పులకు పేరుపడిన ఊరు. ఉలి చప్పుడుకు ఊరు ఎప్పుడో అలవాటుపడింది, గ్రైండింగ్ మెషీను రొదకు మాత్రం ఇంకా పడలేదు. అది వాళ్ళ రోజీ, ఆపమనలేం. షెడ్డు తెరిచిన వైపును ఇళ్ళకు ఎదురుగా కాకుండా తిప్పుకోవడం, మెషీను కనిపించనంత ఎత్తు గోడ కట్టడం, కోత పని పగటికే పరిమితం చేయడం సాధ్యమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. (మన షాదీల బ్యాండ్‌సెట్లకూ ఇదే లెక్క!)

ఇంత చేసినా తగ్గకపోతే నిపుణుడు కావాలి. శబ్దశాస్త్రం చదివిన ఇంజనీర్లు హైదరాబాద్, బెంగళూరుల్లో దొరుకుతారు. సినిమా హాళ్ళకు, రికార్డింగ్ గదులకు పనిచేసేది వాళ్ళే. ఒక గది కోసం అంతదూరం నుంచి పిలిపించడం అందరి వల్లా కాదు. ఊళ్ళోని సివిల్ ఇంజనీరునూ, ఫాల్స్ సీలింగ్ మేస్త్రీనీ కలిపి కూర్చోబెట్టండి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో శబ్ద నియంత్రణకు విడిగా ఒక విభాగమే ఉంది, ఇంజనీరును చూడమనండి. చప్పుడు వచ్చే వేళకే ఇంటికి వచ్చి, చెవి పెట్టి విన్నవాడికే పని ఇవ్వండి. "పూర్తిగా ఆపేస్తాం" అన్నవాడికి సలాం చెప్పి పంపించేయండి. పనికి ముందూ తర్వాతా కొలిచి చూపిస్తారా అని అడగండి, కొంత సొమ్ము ఆ కొలతయ్యేదాకా చేతిలోనే ఉంచుకోండి.

సీలింగ్‌ను స్లాబుకు నేరుగా మేకులు కొట్టి బిగిస్తే చప్పుడు ఆ మేకుల గుండానే దిగుతుంది. రబ్బరు ఉన్న హ్యాంగర్లకు వేలాడదీసి, పైన రాక్‌వూల్, కింద రెండు పొరల జిప్సం బోర్డు వేయించాలి. గది ఎత్తు కొన్ని అంగుళాలు తగ్గుతుంది. వానాకాలంలో స్లాబు కారుతుందేమో ముందే చూసుకోవాలి. ఫ్యాను బరువును బోర్డుకు అప్పగించకుండా స్లాబు కొక్కేనికే తగిలించాలి.