రాత్రివేళ చూపు తప్పే కెమెరా

కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలలో నేడు దుకాణములకు, విద్యాలయములకు నిఘా కెమెరాలే కాపలా. ఒకేసారి 100 మంది గుమిగూడే స్థలములలో వీటిని అమర్చి, 30 దినముల దృశ్యములను భద్రపరచవలెనని ఉమ్మడి రాష్ట్రమున 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టము నిర్దేశించినది.

పగలు నిర్మలముగా ఉన్న బొమ్మ రాత్రి వణికి ఆరిపోయినచో, వెంటనే కొత్త కెమెరా కొనుట తొందరపాటు. చీకటి పడగానే కెమెరాలోని పరారుణ దీపములు వెలుగును; విద్యుత్ ప్రవాహము పెరుగును. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను 50 మీటర్ల దూరము లాగినచో, పోవు తీగ, వచ్చు తీగ కలిసి నిరోధము సుమారు 3.5 ఓములు. అర ఆంపియరు ప్రవహించినప్పుడు 1.75 వోల్టులు తీగలోనే హరించుకొనిపోవును. 12కు బదులు కెమెరాకు అందునవి 10.25 మాత్రమే. విద్యార్థులు తరగతిలో చదివిన ఓమ్ నియమమే ఇది. కావున దీపములు వెలుగుచుండగా, కెమెరా చెంతనే మల్టీమీటరుతో కొలవవలెను. వోల్టేజి తగ్గినచో లావు తీగ వేయవలెను, లేదా అడాప్టరును కెమెరాకు చేరువగా అమర్చవలెను.

కోయాక్సియల్ తీగతో పనిచేయు కెమెరాలో అడ్డుపట్టీలు మెల్లగా పాకుచున్నచో కారణము వేరు. రెండు చోట్ల ఎర్తు తగిలి, 50 హెర్ట్జుల విద్యుత్తు బొమ్మలో చొరబడుచున్నదేమో చూడవలెను. కెమెరా ఇనుప స్తంభమునకు తగులకుండ ప్లాస్టిక్ పలకపై బిగించినచో తరచు ఈ దోషము తొలగును.

దొంగకు అనువైనది రాత్రి. కళాశాల పాలకవర్గము వారు కెమెరాలను పరీక్షింపవలసినదియు రాత్రియే.