మిలటరీ నుంచి పొలానికి: మొదటి మూడేళ్లు

పైన వీడియోలో కంది చేలో నడుస్తూ మాట్లాడిన అన్న రిటైర్డ్ హవల్దార్, మా పక్క ఊరే. వీడియో తీసిన రోజు గాలి ఎక్కువగా ఉండి మధ్యలో కొన్ని మాటలు సరిగా రికార్డు కాలేదు. ఇంకొన్ని మాటలు కెమెరా ముందు చెప్పడానికి ఆయన ఇష్టపడలేదు. నేను రాస్తానంటే మాత్రం సరే అన్నాడు, పేరు వద్దన్నాడు. నా సొంత తప్పు ఒకటి కూడా ఇందులో చెప్పాలి.

గిద్దలూరు, కంభం వైపు ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఇక్కడ మిలటరీకి పోయిన వాళ్లు లేని వీధి ఉండదు. పశ్చిమ గోదావరిలో మాధవరం అయితే ఊరి పేరే మిలటరీ మాధవరం అయిపోయింది. పంతొమ్మిదేళ్లకు ర్యాలీలో పరిగెత్తి సెలెక్ట్ అయిన పిల్లోడు పదిహేను, పదిహేడేళ్లు సర్వీసు చేసి ముప్పై నాలుగు, ముప్పై ఆరేళ్లకు ఇంటికొస్తాడు. అప్పటికి పిల్లలు ఏడో ఎనిమిదో చదువుతుంటారు. ముందు ఇంకా ముప్పై ఏళ్ల పని వయసు ఉంది. బ్యాంకు గార్డు, ఏదో ఒక కంపెనీ గేటు, లేదంటే నాన్న చేసిన పొలం. చాలామందికి మనసులో పొలమే ఉంటుంది. లడఖ్‌లో డ్యూటీ చేస్తూ సెల్‌ఫోన్‌లో మన వీడియోలు చూసేవాళ్లు నాకే ఎంతమంది మెసేజ్ పెడతారో.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

వ్యవసాయ డిప్లొమా అయ్యాక అగ్రి క్లినిక్స్ పథకం కింద 45 రోజుల ట్రైనింగ్ తీసుకుని, ఊళ్లో చిన్న షాపు పెట్టాను. 2018లో మా దూరపు చుట్టం ఒకాయన, నేను బాబాయ్ అని పిలుస్తాను, రిటైరై వచ్చాడు. చేతికి డబ్బులు వచ్చాయి. 'నువ్వు చదివినోడివి, ఏం చేయమంటావో చెప్పు' అన్నాడు. నాకు ఇరవై ఏడేళ్లు. కంప్యూటర్‌లో పెద్ద ప్లాన్ తయారు చేశాను. నాలుగెకరాల బొప్పాయి, రెండు బోర్లు, డ్రిప్, ఆరు ఆవులకు షెడ్డు, జీవామృతం ట్యాంకులు. మొత్తం 11 లక్షలు. డ్రిప్ మీద నాకు కమీషన్ కూడా వచ్చింది, అది దాచడం ఎందుకు. ఒక బోరు మొదటి రోజే ఫెయిల్. రెండోది తర్వాతి ఏడాది వేసవికి ఎండిపోయింది. ఆ లోపే తోటలో సగానికి పైగా చెట్లకు వైరస్ వచ్చి ఆకులు ముడుచుకుని, కాయల మీద ఉంగరాల మచ్చలు పడ్డాయి. బొప్పాయికి ఆ రింగ్ స్పాట్ వస్తే ఏ కషాయమూ తిప్పలేదు, చెట్టు పీకడమే. ఆవుల్ని ఒక్కొక్కటే అమ్మేశాడు. మూడో ఏడు హైదరాబాద్ వెళ్లి అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీకి చేరాడు.

పిన్ని నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. 'మీ బాబాయికి పదిహేడేళ్లు ఎవరో ఒకరు ప్లాన్ ఇచ్చారు, ఈయన చేశాడు. ఈసారి నువ్విచ్చావు, చేశాడు. అంతే' అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మామూలు రైతుకు నేను ఆ ప్లాన్ చెప్తే 'ఆగు అబ్బాయ్, మా పక్క చేలో బోరు ఎన్ని అడుగులకు పడిందో చూసొస్తా' అనేవాడు. ప్రశ్న అడిగేవాడు. నమ్మి పని మొదలుపెట్టడం సైనికుడి మంచి గుణం. దాన్నే మేము, అంటే షాపులవాళ్లం, నర్సరీలవాళ్లం, బోరు బండివాళ్లం వాడుకుంటాం. రిటైర్మెంట్ డబ్బు వచ్చిందని ఊళ్లో తెలియగానే ఎర్రచందనం మొక్కలవాడు, మలబారు వేపవాడు, డ్రాగన్ ఫ్రూట్ స్తంభాలవాడు అందరూ గుమ్మం ముందు ఉంటారు.

ఆ డబ్బు ఏమిటో కూడా చాలామందికి లెక్క తెలియదు. గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల డబ్బు, వాటితో పాటు కమ్యుటేషన్. పెన్షన్‌లో సగం వరకు ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు, ఆ మేరకు 15 ఏళ్లపాటు నెలనెలా కోత పడుతుంది. అంటే బోరు గుంతలో పోసేది ముందు 15 ఏళ్ల మన బియ్యం డబ్బే.

హవల్దార్ అన్న 2021లో వచ్చాడు. అప్పటికి నాకు బుద్ధి వచ్చింది కాబట్టి 'అన్నా, మొదటి ఏడు ఏమీ కొనొద్దు' అన్నాను. బోరు వద్దు, భూమి కొనొద్దు, ట్రాక్టర్ అసలే వద్దు. ఒక్క నాటు ఆవు, నాన్న ఇచ్చిన మూడెకరాల్లో ఒక్క ఎకరం. వర్షాధారం కంది, అందులో అంతర పంటగా సజ్జ, బొబ్బర్లు. ఒక కారు పూర్తిగా పొలంతో బతికి చూడమన్నాను.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. జీవామృతం తయారీలో ఆయన్ని మించినవాడు మా మండలంలో లేడు. 200 లీటర్ల డ్రమ్ము, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, అన్నీ తూకం వేసి పోస్తాడు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కర్రతో కలపడం, ఒక్కరోజు తప్పడు. రిజిస్టర్‌లో రాస్తాడు. కానీ చేను? బ్యారక్ ముందు చీపురు పెట్టినట్టు చేశాడు! గట్ల మీద గడ్డి మొత్తం చెక్కించాడు, పాత మొక్కజొన్న కట్టె కుప్పేసి కాల్చాడు, సాళ్ల మధ్య ఒక్క ఆకు లేకుండా ఊడ్చాడు. ఎర్రనేల ఎండకు పెంకులా అయింది. నేను ఆచ్ఛాదన గురించి చెప్తే 'చెత్త ఉంటే పురుగు పుట్రా చేరదా తమ్ముడూ' అన్నాడు. పదిహేడేళ్లు ఇన్‌స్పెక్షన్‌కు శుభ్రం చేసిన చెయ్యి అది. ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి ఊడ్చిన సాలులో ఒక చెయ్యి, చింతచెట్టు కింద ఆకుల్లో ఒక చెయ్యి పెట్టించాను. ఇంకేం చెప్పలేదు.

మొదటి ఏడు ఎకరాకు క్వింటా 80 కిలోలు వచ్చాయి. నవంబర్‌లో పూత మీద మబ్బులు పట్టి మరుకా పురుగు గూళ్లు కట్టేసింది, అగ్నిఅస్త్రం కొట్టేసరికి ఆలస్యం అయింది. రెండో ఏడు వానలకు ముందే, మే నెలలో, నవధాన్య విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం పొడి, బూడిద పట్టించి పొడి దుక్కిలో చల్లాం. ఆంధ్రలో రైతు సాధికార సంస్థ వాళ్లు ప్రచారం చేసే పీఎండీఎస్ పద్ధతే. తొలకరికి చేను పచ్చబడింది, దాన్ని కోసి అక్కడే పరిచి మధ్యలో కంది వేశాడు. ఆ ఏడు 2 క్వింటాళ్ల 60 కిలోలు. మూడో ఏడు మూడున్నర క్వింటాళ్లు, వీడియోలో చూపించిన చేను అదే. రసాయనాలతో పక్క చేలో ఇంతకంటే ఎక్కువే వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ వాళ్ల మందుల బిల్లు షాపు పుస్తకంలో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద నడుస్తుంటుంది.

ఈ మూడేళ్లను తట్టుకోవడమే అసలు సంగతి. ప్రకృతి వ్యవసాయంలోకి మారేటప్పుడు నేల కోలుకునేదాకా దిగుబడి తగ్గుతుంది, పీజీఎస్ సర్టిఫికెట్ పూర్తిగా రావడానికి కూడా రెండు మూడేళ్లు పడుతుంది. అప్పు ఉన్న రైతు ఆ మధ్యలోనే వెనక్కి పోతాడు, తప్పు పట్టలేం. పెన్షన్ ఉన్నవాడు నిలబడగలడు. అందుకే మన పద్ధతికి మాజీ సైనికుల కంటే సరిపోయేవాళ్లు తక్కువ అని నా అభిప్రాయం. అయితే ఆ పెన్షనే ఇంకో రకంగా చెడగొడుతుంది. చేను నష్టంలో ఉన్నా ఇంట్లో తెలియదు, పదో తారీఖుకల్లా కిరాణా బాకీ తీరిపోతుంది. పక్క రైతులు కూడా 'నీకేం సార్, గవర్నమెంట్ ఇస్తోంది' అని తీసిపారేస్తారు. అందుకని హవల్దార్ అన్న రిజిస్టర్‌లో పొలం లెక్క వేరు. మూడేళ్ల పాటు పెన్షన్ నుంచి చేనుకు ఏడాదికి ఇంత అని ఒక గీత గీశాడు, ఆ గీత దాటితే వదిన సంతకం కావాలి. నవ్వొద్దు, ఆ సంతకం రెండుసార్లు దొరకలేదు, అందుకే ట్రాక్టర్ రాలేదు.

అమ్మకం ఎలా అని చాలామంది అడుగుతారు. నెలకోసారి క్యాంటీన్ సరుకులకు చుట్టుపక్కల ఊళ్ల మాజీ సైనికులు, వాళ్ల ఇంట్లోవాళ్లు టౌనుకు వస్తారు. ఆ రోజు అన్న పప్పు సంచులు స్కూటర్ మీద పెట్టుకుని బయట టీ కొట్టు దగ్గర నిలబడతాడు. క్వింటా కందికి 65 నుంచి 70 కిలోల పప్పు దిగుతుంది, కిలో 160కి అమ్ముతాడు. ఆర్డర్లు వాట్సాప్ గ్రూపులోనే. తనతో పనిచేసినవాడు కల్తీ చేయడని వాళ్ల నమ్మకం. అమెరికాలో దీన్నే పద్ధతిగా చేశారు. మైకేల్ ఓ గోర్మన్ అనే సేంద్రియ కూరగాయల రైతు కాలిఫోర్నియాలో ఫార్మర్ వెటరన్ కోయెలిషన్ అనే సంస్థ మొదలుపెట్టాడు, మాజీ సైనికులు పండించిన సరుకు మీద 'హోమ్‌గ్రోన్ బై హీరోస్' అని లేబుల్ వేస్తారు. మనకు లేబుల్ కంటే ముందు కనీసం ఐదుగురు కలిసి పీజీఎస్ గ్రూపు కట్టడం సులువు. మావాళ్లు ఏడుగురితో మొదలై ఇప్పుడు ఐదుగురు మిగిలారు.

ఆ ఇద్దరు ఎందుకు పోయారంటే, పంట వల్ల కాదు. అన్నదమ్ముల పంపకం. పదిహేడేళ్లు నాన్న పొలం చేసింది తమ్ముడు. ఈయన వచ్చి 'నా వాటా చూపించు' అంటే ఇల్లు రెండు ముక్కలవుతుంది. ఆ మాట వచ్చే సెలవుల్లోనే, సర్వీసులో ఉండగానే పెద్దమనుషుల ముందు తేల్చుకోండి. 1బి, అడంగల్‌లో పేరు, సర్వేలో హద్దు రాయి, ఇవి లేకుండా ఒక్క రూపాయి పెట్టొద్దు. ప్రభుత్వం అసైన్ చేసిన ఐదెకరాల మెట్ట, రెండున్నర ఎకరాల మాగాణి ఉన్నవాళ్లు కూడా కాగితం మీద కాకుండా నేల మీద అది ఎక్కడుందో చూసుకోండి. పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు కదా అని ఎవరైనా ముందే బేరం పెడితే దగ్గరికి రానివ్వొద్దు.

సర్వీసులో ఉన్నవాళ్లకు ఇంకో మాట. రిటైర్ అయ్యే ముందు డీజీఆర్ వాళ్ల రీసెటిల్‌మెంట్ కోర్సులు ఉంటాయి, జవాన్లకు 24 వారాల దాకా. అందరూ సెక్యూరిటీ సూపర్‌వైజర్ కోర్సు రాసేస్తుంటారు. వ్యవసాయం దొరికితే అది తీసుకోండి. ఆ సర్టిఫికెట్‌తో పదును తెలియదు, అది మీ ఊరి ముసలి రైతు దగ్గరే తెలుస్తుంది. రెండూ కావాలి.

ఇప్పుడు నాకు భయం ఉన్నది వేరే పిల్లల గురించి. 2022 చివర, 2023 మొదట్లో చేరిన మొదటి అగ్నివీర్ బ్యాచ్‌కు నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. నాలుగో వంతు మంది వరకు రెగ్యులర్‌గా తీసుకుంటారు, మిగతావాళ్లు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకు ఇంటికొస్తారు. చేతిలో సేవా నిధి సుమారు 11.71 లక్షలు. పెన్షన్ ఉండదు. పైన నేను పెన్షన్ గురించి చెప్పింది ఏదీ వీళ్లకు వర్తించదు. బాబాయి చేత నేను ఖర్చు పెట్టించింది కూడా 11 లక్షలే. వీళ్లను నేరుగా చేలో దింపకూడదు. రెండేళ్లు జీతం మీద పని నేర్పించాలి, కషాయాలు తయారుచేసే యూనిట్‌లో, పప్పు మిల్లులో, రైతు ఉత్పత్తిదారుల సంఘంలో. హవల్దార్ అన్న ఇద్దర్ని తీసుకుంటానన్నాడు. నేను షాపులో ఒకర్ని పెట్టుకోగలను. లెక్క వేస్తే ముగ్గురే, మా మండలం నుంచి వెళ్లినవాళ్లు అంతకంటే ఎక్కువ.

పోయిన నెల ఒక కుర్రాడి నాన్న ఫోన్ చేసి, వాడి డబ్బుతో పాలీహౌస్ వేద్దామనుకుంటున్నాం, కొటేషన్ ఇస్తావా అన్నాడు. కొటేషన్ ఇవ్వలేదు. సెలవుకు వచ్చినప్పుడు వాణ్ని అన్న చేనుకు పంపించు, సజ్జ కోతకు నాలుగు రోజులు ఉండమను అన్నాను. ఆయనకు నా జవాబు నచ్చలేదు, గొంతులో తెలిసింది.

బాబాయ్ ఉగాదికి హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఇద్దరం హవల్దార్ అన్న గట్టు మీద కూర్చున్నాం. చాలాసేపు ఏం మాట్లాడలేదు. వెళ్లేముందు షాపుకొచ్చి అరెకరానికి నవధాన్య విత్తనం ఎంత కావాలి అన్నాడు. ఆరు కిలోలు చాలన్నాను. డబ్బు వద్దంటే ఊరుకోలేదు.

'బిల్లు రాయి' అన్నాడు. రాసిచ్చాను.